బ్రౌను దొరగారు: ఒక చిన్నమాటలోని చిక్కు

ఆంగ్లేయ పాఠము చదువుచున్న విద్యార్థి ‘విచ్’ అను మాటకడకు వచ్చి ఆగిపోవుట మన ఉపాధ్యాయు లందఱును ఎఱిఁగినదే. గద్వాలవాఁడు గానిండు, వనపర్తివాఁడు గానిండు, నాగర్‌కర్నూలువాఁడు గానిండు, అంతవఱకు చక్కఁగా నడచిన బాలుఁడు అచ్చట తడఁబడును. ఆ మాటకు ముందు ‘టు’ అనియో, ‘ఫ్రమ్’ అనియో, ‘బై’ అనియో మఱియొక చిన్నమాట చేరినచో తడఁబాటు ఇబ్బడియగును. ఇది బాలుని బుద్ధిమాంద్యము గాదు. తెలుఁగునకును ఆంగ్లేయమునకును నడుమ ప్రవహించుచున్న ఏటిలో మిక్కిలి లోఁతైన చోటు అదియే. రెండు వందల యేండ్లకు పూర్వము ఒక ఆంగ్లేయుఁడు అదే యేటిని ఆవలి యొడ్డునుండి దాఁటి మనకడకు వచ్చెను. ఆయనయే ఛార్లెస్ ఫిలిప్ బ్రౌనుగారు. వారి జీవితమును, వారు దాఁటిన ఆ లోఁతును గూర్చి మన విద్యార్థులకు తెలియఁజేయుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

బ్రౌనుగారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవ మతాచార్యులు. ఫోర్టు విలియం కళాశాలలో ఉన్నత పదవి వహించినవారు. పెక్కు భాషలయం దభిరుచి గల ఆ తండ్రి తన బిడ్డలకు హీబ్రూ, అరబీ, పారసీ మొదలగు భాషలను బాల్యముననే పరిచయము చేసెను. కాని 1812లో ఆయన పరలోకగతుఁడయ్యెను. అప్పటికి ఛార్లెసునకు పదునాలుగేండ్లైనను నిండలేదు. కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువున కెన్నికయై, 1817లో ఆ యువకుఁడు మద్రాసు రేవున దిగెను. అప్పటికి తెలుఁగు ఆయనకు ముక్కయు రాదు.

మద్రాసులోని ఫోర్టు సెయింటు జార్జి కళాశాలలో కంపెనీ యుద్యోగులకు దేశభాషలు నేర్పుచుండిరి. వెలగపూడి కోదండరామ పంతులుగారు బ్రౌనుగారికి తెలుఁగు గురువులు. అక్షరములు నేర్చి, వ్రాఁత నేర్చి, 1820లో బ్రౌనుగారు పరీక్షయందు కృతార్థులైరి. ఆ యేఁటనే సర్ తామస్ మన్రోగారు మద్రాసు గవర్నరైరి. మన్రోగారు మన తుంగభద్రకు దక్షిణముననున్న దత్తమండలములలో పూర్వము కలెక్టరుగా నుండి, రైతులతో వారి భాషలోనే మాటలాడిన ప్రాజ్ఞుఁడు. దుబాసీని నమ్ముకొన్న యధికారి ప్రజలను పాలింపలేఁడనియు, ప్రజల మాట తన చెవితో వినఁగలవాఁడే న్యాయము చేయఁగలఁడనియు ఆయన తలంపు. ఈ బోధ యువకుఁడైన బ్రౌనుగారి హృదయమున నాటుకొనెను.

1820లోనే బ్రౌనుగారిని కడపకు పంపిరి. పరీక్షలో నెగ్గుట వేఱు, కచ్చేరిలో రైతు చెప్పు మాటను వెంటనే గ్రహించుట వేఱు. ఆంగ్లేయుఁడు తెలుఁగు వినునప్పుడు ముందుగా కలుగు కష్టమేమనఁగా, వాక్యము తలక్రిందులుగా నున్నట్లు తోఁచుట. ఆంగ్లేయమున ముందు వస్తువును చెప్పి, ‘హూ’, ‘విచ్’, ‘దట్’ అను మాటలలో నొకదానిని తగిలించి, తరువాత దాని కథ చెప్పుదురు. తెలుఁగున కథ ముందు వచ్చును, వస్తువు వెనుక వచ్చును. నడుమ తగిలించు మాటయే లేదు. ఉన్నది క్రియనుండి పుట్టిన విశేషణ మొక్కటియే. దీనిని మన వ్యాకరణములలో క్రియాజన్య విశేషణ మందురు.

విద్యార్థులారా, దీనిని మీ చేతిలోని వస్తువులతోనే పరీక్షింపవచ్చును. వ్రాసిన బాలుఁడు, వ్రాసిన కలము, వ్రాసిన కాగితము, వ్రాసిన దినము, వ్రాసిన కారణము, అని మనము చెప్పుదుము. ఐదు చోట్లను ‘వ్రాసిన’ యను రూపము మాఱలేదు. కాని బాలుఁడు వ్రాయువాఁడు, కలము సాధనము, కాగితము ఆధారము, దినము కాలము, కారణము హేతువు. ఈ భేదములను తెలుఁగువాఁడు ఏ ప్రత్యయమును లేకయే గ్రహించును. ఆంగ్లేయుఁడో, ‘హూ’ అనియు, ‘విత్ విచ్’ అనియు, ‘ఆన్ విచ్’ అనియు, ‘ఫర్ విచ్’ అనియు విడివిడిగా పలుకవలసినదే. మన భాష వినువాని బుద్ధిపై నుంచిన భారమును ఆ భాష ఒక చిన్నమాటపై నుంచినది.

దిక్కును తెలుపు చోట ఈ భేదము మఱింత స్పష్టమగును. అతఁడు దిగిన బావి, అతఁడు దిగిన బండి, అతఁడు దిగిన సత్రము, అను మూఁటిని చూడుఁడు. బావిలోనికి దిగెను, బండినుండి దిగెను, సత్రమునందు దిగెను. ఒకటి లోనికి పోవుట, ఒకటి వెలికి వచ్చుట, ఒకటి నిలిచియుండుట. మూఁటికిని ‘దిగిన’ యనునదే. ఆంగ్లేయమున మొదటిదానికి ‘ఇంటు విచ్’, రెండవదానికి ‘ఫ్రమ్ విచ్’, మూఁడవదానికి ‘ఎట్ విచ్’ వలయును. ప్రాఁత గ్రంథములలో ‘ఏ చోటికి’ అనుటకు ‘విథర్’ అనియు, ‘ఏ చోటినుండి’ అనుటకు ‘వెన్స్’ అనియు ప్రత్యేకములైన మాటలే కలవు. వీనిలో నొకటికి మాఱుగా మఱియొకటి పడెనేని, పోయినవాఁడు వచ్చినవాఁ డగును.

బావి, బండి, సత్రము అన్నచో లోకజ్ఞానము మనల కాపాడును. బండిలోనికి దిగువాఁ డెవ్వఁడును లేఁడు గదా. కాని వాఁడు వచ్చిన గ్రామము అన్నప్పుడో? వాఁడు ఏ గ్రామమునకు వచ్చెనో ఆ గ్రామమా, ఏ గ్రామమునుండి వచ్చెనో ఆ గ్రామమా? ఇరుగుపొరుగువారు మాటలాడుకొనునప్పుడు సందర్భమే దీనిని తీర్చును. న్యాయస్థానములో సాక్షి పలికినప్పుడు, ఆ పలుకు ఆంగ్లేయములోనికి మాఱి ఊరెఱుఁగని న్యాయాధిపతి ముందునకు పోయినప్పుడు, దొంగ ఏ దిక్కునుండి వచ్చెననునది ఈ యొక్క చిన్నమాటపై నిలుచును. అనువాదకుఁడు ఆ దిక్కును తప్పినచో నిరపరాధికి శిక్ష పడవచ్చును. 1822లో బ్రౌనుగారు మచిలీపట్టణపు న్యాయస్థానమునకు మాఱిరి. తెలుఁగు మాట తప్పుగా గ్రహింపఁబడినచో కలుగు కీడును కన్నులార చూచుటకు న్యాయస్థానమును మించిన చోటు లేదు. మన్రోగారి బోధలోని సారము ఇదియే.

ఇట్టి సందేహమునకు మన భాషలో మందు లేకపోలేదు. ఏ గ్రామమునుండి వచ్చెనో ఆ గ్రామము, అని విప్పి చెప్పినచో విభక్తి ప్రత్యయము మరల కనఁబడును, దిక్కు తేటపడును. కాని ప్రతివాక్యమును ఇట్లే విప్పినచో తెలుఁగు తెలుఁగువలె నుండదు. నడువనేర్చినవానికి కఱ్ఱ యిచ్చినట్లుండును. అవసరమైన చోట విప్పుట, అక్కఱలేని చోట ముడిచియుంచుట, ఇదియే అనువాదమునందలి మెలఁకువ. ఈ మెలఁకువ సూత్రములను వల్లించుటచే రాదు. మాటలాడువారిని వినుటచే వచ్చును.

బ్రౌనుగారు వినుట యారంభించిరి. 1821లో కడపలోను, 1823లో మచిలీపట్టణములోను బీదబాలురకు ఉచిత పాఠశాలలు నెలకొల్పిరి. 1824 ప్రాంతమున వేమన పద్యములు వారి కంటఁబడెను. పండితులు చిన్నచూపు చూచిన ఆ పద్యములలో జనుల నోటిమాటయు, నీతియు, హాస్యమును కలసియుండుట చూచి వారు ముగ్ధులైరి. ఊరూరనుండి వ్రాఁతప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి, తప్పులు దిద్దించి, ఆంగ్లానువాదముతో 1829లో ముద్రింపించిరి. అంతకు రెండేండ్లు ముందుగనే తెలుఁగు ఛందస్సును గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి.

కడపలోని వారి బంగళా ఒక పండితశాల యయ్యెను. జూలూరి అప్పయ్యగారు, వఠ్యము అద్వైతబ్రహ్మయ్యగారు మొదలైన పండితులు అచ్చట జీతములు పొంది, తాళపత్ర గ్రంథములను పరిష్కరించుచు, వ్యాఖ్యలు వ్రాయుచు నుండిరి. చెదలకు ఆహారము కానున్న కావ్యము లెన్నియో అట్లు బ్రదికెను. ఈ వ్యయమంతయు బ్రౌనుగారి సొంత సంపాదనమునుండియే. దొర యయ్యును పండితులను ప్రశ్నించుటకు వారు సిగ్గుపడలేదు. తెలియనిదానిని తెలియదని యొప్పుకొనుట వారి విద్యకు పునాది.

దిక్కును గూర్చి చెప్పితిమి. ఇఁక ఫలమును గూర్చి చెప్పవలయును. ఒక కార్యమువలన మఱియొకటి కలుగుటను ఆంగ్లేయులు ‘బై విచ్’ అనియు, ‘ఫర్ విచ్ రీజన్’ అనియు, ‘సచ్’ అని మొదలిడి ‘దట్’ అని ముగించియు తెలుపుదురు. ఒక్కొక్కప్పుడు ‘విచ్’ అనునది ఏ యొక్క వస్తువును గాక, వెనుకటి వాక్యము నంతటిని పట్టుకొని, దాని ఫలమును చెప్పును. వాన కురిసెను, కావున చెఱువు తెగెను, అని మనము చెప్పు చోట వారు ‘విచ్’ తోనే ముడివేయుదురు. ఆ ‘విచ్’ వానను తెలుపుచున్నదా, వాన కురియుట యను సంగతినంతటిని తెలుపుచున్నదా యని బాలుఁడు ఆలోచింపనియెడల అర్థము చెడును. తెలుఁగున ‘అందుచేత’, ‘దానివలన’, ‘కావున’ అను మాటలతో క్రొత్తవాక్య మెత్తుకొనుట మనకు సహజము.

అయినను, ఫలమును ముడిచి చెప్పు శక్తి మన భాషకు లేదని తలంపరాదు. కడుపు నిండు భోజనము, చెవులు చిల్లులుపడు కేక, గుండె పగులు వార్త, అను మాటలను చూడుఁడు. భోజనము నిండదు, కడుపు నిండును. వార్త పగులదు, గుండె పగులును. ఐనను ఆ నిండుటయు, ఆ పగులుటయు భోజనమునకును, వార్తకును ఫలములని బాలురకైన తెలియును. ఆంగ్లేయుఁడు దీనిని చెప్పుటకు నాలుగైదు మాటలు కూర్పవలయును. అట్లే, అందఱును వినునట్లు చదివెను, అనుచోట ‘అట్లు’ అను చిన్నమాట ఫలమంతటిని మోయుచున్నది. ఆంగ్లేయమున నున్నదెల్ల మన భాషలో నున్నది. కాని అదే చోట, అదే రూపమున లేదు. దానిని వెదకవలసిన చోట వెదకుటయే విద్య.

మాటకు ఫలము వ్యాకరణముననే గాక లోకమునందును కలదు. 1832, 1833 సంవత్సరములలో గుంటూరు మండలమున ఘోరమైన క్షామము వచ్చెను. దానిని నందన కఱవని జనులు నేఁటికిని చెప్పుకొందురు. జనులు వేలకువేలుగా మరణించిరి, ఊళ్లు పాడుపడెను. ఆ సమయమున బ్రౌనుగారు గుంటూరున పనిచేయుచుండిరి. పై యధికారులు కొఱఁత అను మెత్తని మాట కోరఁగా, వీరు కఱవు అను కఠినమైన మాటనే వాడిరని వీరి చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. కొఱఁత యన్నచో ఓర్చుకొనవచ్చును. కఱవన్నచో అన్నము పెట్టవలయును. ఒక్క మాట మాఱినచో ఫలము మాఱును.

1834లో వీరి యుద్యోగము పోయెను. ఇంగ్లండునకు మరలిపోయినను వీరు ఊరకుండలేదు. లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశపు భాషల వ్రాఁతప్రతులు పెక్కులు మూలఁబడియుండెను. వానిని పరిశీలించి, పట్టికలు వ్రాసి క్రమపఱచిరి. తరువాత అవి మద్రాసునకు చేరుటకు వీరి శ్రమయే కారణము. కొలఁది యేండ్లకు కంపెనీ కొలువులోనికి మరల తీసికొనఁబడి, పారసీ అనువాదకులుగా మద్రాసునకు వచ్చిరి.

1840లో వీరి తెలుఁగు వ్యాకరణము ఆంగ్లేయభాషలో వెలువడెను. తెలుఁగునకు ఆంగ్లేయమున వ్యాకరణములు అంతకుముందే కలవు: విలియం కేరీగారిది 1814లోను, కాంబెలుగారిది 1816లోను ముద్రితములైనవి. బ్రౌనుగారి విశేషమేమనఁగా, కావ్యములలోని భాషతోఁబాటు కచ్చేరిలోను, అంగడిలోను, ఇంటిలోను వినఁబడు భాషను గూడ లక్షణమున కెక్కించుట. మనము పైన చెప్పుకొన్న క్రియాజన్య విశేషణమును ‘రెలటివ్ పార్టిసిపిల్’ అను పేర వారు వివరించిరి. ఆంగ్లేయుఁడు ‘విచ్’ అను మాటకొఱకు తెలుఁగున వెదకి వేసారకుండునట్లు, దాని పనిని చేయునది ఈ రూపమని చూపిరి. ఈ వ్యాసమునందలి ఉదాహరణములు వారివి గావు, మన బాలురకొఱకు కూర్చినవి. కాని మార్గము వారిది.

1846లో వీరు మద్రాసు రాజధానికి పోస్టుమాస్టరు జనరలుగాను, ప్రభుత్వమునకు తెలుఁగు అనువాదకులుగాను నియమితులైరి. ఉద్యోగపు పనులు తీఱిన వేళల నిఘంటువుపై కృషిచేయుచుండిరి. 1852 మొదలుకొని మూఁడేండ్లలో తెలుఁగు ఇంగ్లీషు నిఘంటువును, ఇంగ్లీషు తెలుఁగు నిఘంటువును, తెలుఁగున కలసిపోయిన అన్యదేశ్యముల నిఘంటువును వెలువడెను. మద్రాసులోని క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రణాలయమున అవి అచ్చుపడెను. పండితుఁడు వాడు మాటకును, పల్లెటూరి రైతు పలుకు మాటకును ఆ గ్రంథమున సమానముగ చోటు దొరకినది. నూటడెబ్బదియేండ్లు దాఁటినను నేఁటికిని ఆ నిఘంటువు తెలుఁగు చదువువారికి ఉపయోగపడుచునే యున్నది.

తమ గ్రంథము అచ్చైనంతమాత్రమున బ్రౌనుగారు తృప్తిపడువారు గారు. ముద్రిత ప్రతులలో తెల్లకాగితములు చేర్పించి, క్రొత్తగా విన్న మాటలను, కనుఁగొన్న తప్పులను వానిపై వ్రాసికొనుచుండెడివారు. వ్యాకరణమునకు 1857లో రెండవకూర్పు వచ్చెను. తన తప్పును తానే వెదకి దిద్దుకొనువాఁడు ఇతరుల మెప్పునకు వేచియుండఁడు.

1855లో వీరు ఉద్యోగము చాలించి ఇంగ్లండునకు వెడలిపోయిరి. ముప్పదియెనిమిదేండ్ల కొలువు ముగిసెను. తెలుఁగుపై ప్రేమ ముగియలేదు. 1865లో లండను నగరమున తెలుఁగు ఆచార్యపదవిని స్వీకరించి, ముదిమియందును ఆ భాషకే సేవ చేసిరి. వివాహము చేసికొనలేదు. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియాఱేండ్ల వయస్సున, లండనులో దివంగతులైరి. కడపలో వారి బంగళా యుండిన చోట నేఁడు వారి పేర గ్రంథాలయమును, భాషా పరిశోధన కేంద్రమును నెలకొనియున్నవి. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు చేసిన కృషి దానికి మూలము.

బ్రౌనుగారు మన ప్రాంతమున పనిచేసినవారు గారు. అప్పుడు కృష్ణకును తుంగభద్రకును నడుమనున్న గద్వాలయు, కృష్ణ కావలనున్న వనపర్తి, నాగర్‌కర్నూలులును నిజాము రాజ్యములోనివి. విద్వద్గద్వాల యని పేరొందిన సంస్థానమున పండితులను పోషించు రాజులుండిరి. తుంగభద్రకు ఆవలి దత్తమండలములలో అదే కాలమున ఒక విదేశీయుఁడు తన జీతము వెచ్చించి ఆ పనియే చేయుచుండెను. ఏరు రాజ్యములను విడఁదీసెను గాని భాషను విడఁదీయలేదు. వారి నిఘంటువు ఉభయ తీరములవారికిని సొత్తయ్యెను. 2016లో మన మూఁడు పట్టణములును మూఁడు జిల్లాలకు ముఖ్యస్థానము లైనవి. నేఁడు ఇచ్చటి బాలబాలికలలో పెక్కుమంది ఆంగ్లేయ మాధ్యమముననే చదువుచున్నారు. కావున బ్రౌనుగారు దాఁటిన యేటిని వీరందఱును ఎదురు దిక్కున దాఁటవలసియున్నది.

విద్యార్థులారా, ‘విచ్’ కనఁబడినప్పుడు మూఁడు ప్రశ్నలు వేసికొనుఁడు. ఇది ఏ మాటను పట్టుకొన్నది? దీనికి ముందున్న చిన్నమాట ఏ దిక్కును చూపుచున్నది? దీనివలన కలిగిన ఫల మేది? ఈ మూఁటికి సమాధానము దొరకిన పిదప ఆ వాక్యమును మీ యవ్వ మీతో మాటలాడు తెలుఁగున చెప్పి చూడుఁడు. ఆమెకు అర్థమైనచో మీకును అర్థమైనట్లే. అర్థము కానిచో పుస్తకమును నిందింపక, మిమ్ము మీరు నిందించుకొనక, మరల మొదటినుండి చదువుఁడు.

ఇఱువదియొక్క యేండ్ల వయస్సున కడపకు వచ్చిన ఆ దొరగారికి తెలుఁగు వాక్యము తలక్రిందులుగా నుండినది. ఆయన దానిని నిందింపలేదు. వినెను, అడిగెను, వ్రాసికొనెను, దిద్దుకొనెను. మన భాషకు ఆయన చేసిన మేలంతయు ఈ నాలుగు పనుల ఫలమే. ఆ నాలుగును చేయుటకు దొరయై పుట్టనక్కఱలేదు, ధనమును అక్కఱలేదు. మన పాఠశాలలోని కడపటి బల్లపై కూర్చున్న బాలుఁడును చేయఁగలఁడు.